కణం పట్టించుకోని రసాయనం

మైక్రోస్కోపులో కణం కనబడుతుంది, నిజమే. కానీ ఆ కణంలో ఫలానా ప్రోటీన్ ఫలానా చోట ఉందనీ, పక్కనున్న ఇంకో ప్రోటీన్‌తో కలిసి పనిచేస్తోందనీ అంత నమ్మకంగా ఎలా చెప్తారు? ఎవరైనా కళ్లారా చూశారా? సైన్సు వ్యాసాలు శ్రద్ధగా చదివేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. అడగవలసిన ప్రశ్న కూడా. కొత్త కాన్సర్ మందు గురించి పేపర్లో వార్త వస్తే, "ఈ ప్రోటీన్ వెళ్లి ఆ ప్రోటీన్‌కు అతుక్కుంటుంది" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యం రాయడానికి వెనక ఎన్నేళ్ల పని జరిగిందో, ఆ పని ఏ పనిముట్లతో చేశారో వార్తలో ఉండదు.

ముందుగా ఒప్పుకోవలసిన సంగతి ఏమిటంటే, మామూలు మైక్రోస్కోపుతో ప్రోటీన్‌ను చూడలేం. మిల్లీమీటరును పదిలక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. వెలుగుతో పనిచేసే మామూలు మైక్రోస్కోపు ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా, దాదాపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు వస్తువులను విడదీసి చూపలేదు. ఓ మోస్తరు ప్రోటీనేమో అయిదారు నానోమీటర్లు ఉంటుంది. పైగా చాలా ప్రోటీన్లకు రంగు లేదు. మన శరీరంలోని ఒక్కో కణంలో వందల కోట్ల ప్రోటీన్ అణువులు ఇరుకిరుగ్గా తిరుగుతుంటాయి. వాటిని తయారుచేసే జన్యువులే 20,000 దాకా ఉన్నాయి. రంగూ రూపూ లేని ఇంత గుంపులో ఒక్కదాన్ని పట్టుకోవాలంటే దానికి ముందు ఏదో ఒక గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టడం రసాయన శాస్త్రం పని. ఆ గుర్తు వల్ల కణం చావకూడదు, దాని పని చెడకూడదు. ఈ షరతును నెరవేర్చడానికే రసాయనవేత్తలు కొన్ని దశాబ్దాలు తలలు బద్దలు కొట్టుకున్నారు.

చంపి చూసిన రోజులు

చాలాకాలం వరకు కణంలో ఏముందో తెలుసుకోవాలంటే కణాన్ని పగలగొట్టక తప్పేది కాదు. కండరాన్నో కాలేయాన్నో మెత్తగా నూరి, ఆ రసంలో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో కొలిచేవారు. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం తప్పు. జీవ రసాయన శాస్త్రానికి పునాదులన్నీ అలా పడ్డవే.

అందులో మనవాడి చెయ్యి కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించాడు. ద్రవంలో ఫాస్ఫేటు ఎంత ఉంటే నీలి రంగు అంత చిక్కగా తేలుతుంది. ఆ చిక్కదనాన్ని బట్టి లెక్క కట్టవచ్చు. అదే పద్ధతితో కండరపు రసాన్ని కొలుస్తుంటే రంగు రావలసినంత వేగంగా రాలేదు. ఆలస్యంగా వచ్చింది. చాలామంది ఏదో తేడా చేశామనుకుని ఆ నమూనా పారబోసి ఉండేవారు. వీళ్లు ఆ ఆలస్యం వెంటపడ్డారు. కండరంలో ఫాస్ఫేటు ఒంటరిగా కాక, ఇట్టే విడిపోయే ఒక సమ్మేళనంలో భాగంగా ఉందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ సంగతి ప్రకటించారు. రెండేళ్లు తిరక్కుండా, కణం శక్తి కోసం వాడుకునే ఏటీపీ కూడా వాళ్ల చేతికి చిక్కింది. సుబ్బారావు పేరు చెప్పగానే మందులే గుర్తొస్తాయి మనకు. ఆ నీలి రంగు పద్ధతిని మన పిల్లలకు బడిలో చేసి చూపిస్తే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తర్వాత ప్రతిరక్షకాలు వచ్చాయి. ఇంగ్లీషులో యాంటీబాడీలంటారు. ఒక్కో ప్రతిరక్షకం ఒక్కో ప్రోటీన్‌నే వెతికి పట్టుకుంటుంది కాబట్టి దానికి మెరిసే రంగు అంటించి వదిలితే ఆ ప్రోటీన్ ఉన్న చోటు వెలుగుతుంది. అయితే ప్రతిరక్షకం పెద్ద అణువు, బతికున్న కణం లోపలికి దానంతట అది పోలేదు. అందుకని కణాలను ఫార్మాల్డిహైడ్‌తో బిగుసుకుపోయేలా చేసి, పొరకు చిల్లులు పొడిచి లోపలికి పంపుతారు. చివరికి మన కంటికి కనబడేది శవమే. ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుంది, ఎటు పోతున్నారో తెలియదు.

బతికున్న కణంలో ప్రోటీన్‌ను మెరిపించే మొదటి మంచి ఉపాయం సముద్రం నుంచి వచ్చింది. జపాన్‌కు చెందిన ఒసాము షిమోమురా 1961 వేసవిలో అమెరికా పడమటి తీరంలోని ఫ్రైడే హార్బర్‌లో 10,000 దాకా జెల్లీ చేపలు పట్టి, వాటిలో వెలుగు పుట్టించే పదార్థాన్ని విడదీశాడు. దానితోపాటు ఆకుపచ్చగా మెరిసే మరో ప్రోటీన్ కూడా కొద్దిగా దొరికింది. దాన్నే ఇప్పుడు జీఎఫ్‌పీ అంటున్నారు. 1994లో మార్టిన్ చాల్ఫీ దాని జన్యువును ఒక చిన్న నులిపురుగులో పెట్టి నరాలు పచ్చగా వెలిగేలా చేశాడు. రోజర్ చెన్ దానికి రకరకాల రంగులు తెప్పించాడు. ముగ్గురికీ 2008లో నోబెల్ ఇచ్చారు. మనకు కావలసిన ప్రోటీన్ జన్యువు చివర జీఎఫ్‌పీ జన్యువును కలిపితే, కణమే ఆ ప్రోటీన్‌ను మెరిసే తోకతో సహా తయారుచేసి పెడుతుంది. జీవశాస్త్రం తీరునే మార్చేసిన పనిముట్టు ఇది.

ఐతే దీనికీ హద్దులున్నాయి. జీఎఫ్‌పీలో 238 అమైనో ఆమ్లాలుంటాయి. ఇన్సులిన్ మొత్తం కలిపినా 51. అంత చిన్నదానికి అంత తోక తగిలిస్తే అది మునుపటిలా తిరుగుతుందని నమ్మడం కష్టం. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, జన్యువు నుంచి నేరుగా పుట్టినవాటికే ఈ తోక పెట్టగలం. కణంలో అలా పుట్టనివి చాలా ఉన్నాయి. కొవ్వులు, చిన్న చిన్న అణువులు, అన్నిటికీ మించి చక్కెరలు.

కణం ఒంటి మీద చక్కెర

చక్కెర అనగానే షుగరు జబ్బు, గ్లూకోజు తలపుకొస్తాయి. కణాలు ఆ చక్కెరల్లాంటివాటిని గొలుసులుగా అల్లి తమ పైపొర నిండా తొడుక్కుంటాయి. పైపొరలోని ప్రోటీన్లకూ, కొవ్వులకూ ఈ గొలుసులు వేలాడుతుంటాయి. ఇంగ్లీషులో గ్లైకాన్లంటారు. ఒక కణం ఇంకో కణాన్ని కలిసినప్పుడు మొదట తగిలేవి ఇవే.

వీటి పవరేమిటో రక్తం ఎక్కించేటప్పుడు తెలుస్తుంది. మన రక్తం గ్రూపులు ఎర్రకణాల మీదున్న చక్కెర గొలుసుల్లో తేడాలే. ఏ గ్రూపు గొలుసు చివరా, బీ గ్రూపు గొలుసు చివరా ఉండే చక్కెరల మధ్య తేడా కొద్ది పరమాణువులే. ఆ కాస్త తేడాకే ఒకరి రక్తం ఇంకొకరికి ప్రాణం మీదికి తెస్తుంది. ఓ గ్రూపు వారికి ఆ చివరి చక్కెర ఉండదు, కింద ఉన్న ఆధారపు గొలుసు మాత్రం ఉంటుంది. ఆ ఆధారం కూడా లేనివాళ్లను 1952లో బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భెండే, ఆయన సహచరులు గుర్తించారు. అదే బాంబే గ్రూపు. మామూలు పరీక్షలో వీళ్లు ఓ గ్రూపులా కనబడతారు. కానీ ఓ గ్రూపు రక్తం ఎక్కిస్తే వీళ్లకు ముప్పే. వీళ్లకు తమలాంటివారి రక్తమే పనికొస్తుంది.

ఫ్లూ వైరసు మన గొంతులోని కణాలను పట్టుకునేది కూడా సయాలిక్ ఆమ్లం అనే చక్కెరను ఆసరా చేసుకునే. హెచ్1ఎన్1 అన్న పేరులో హెచ్ ఆ చక్కెరను పట్టుకునే ప్రోటీన్, ఎన్ అదే చక్కెరను కత్తిరించి కొత్త వైరసులను బయటికి వదిలే ఎంజైము. టామీఫ్లూ మాత్ర ఆ కత్తిరింపును ఆపుతుంది. చాలా కాన్సర్ కణాలు కూడా ఈ సయాలిక్ ఆమ్లాన్నే మామూలు కన్నా దట్టంగా తొడుక్కుంటాయి. మన రోగ నిరోధక కణాల మీద సిగ్లెక్‌లనే ప్రోటీన్లున్నాయి. సయాలిక్ ఆమ్లం తగిలితే అవి "మనవాళ్లే, వదిలెయ్యండి" అన్న సందేశం లోపలికి పంపుతాయి. కాన్సర్ కణం తప్పించుకునే దారుల్లో ఇదొకటి.

ఇంత ముఖ్యమైన చక్కెరలకు జన్యువులో నేరుగా రాత లేదు. ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి చెయ్యి వేస్తూ అల్లుకుంటూ పోతాయి. కాబట్టి జీఎఫ్‌పీ తోక తగిలించే మార్గం లేదు. వీటిని బతికున్న కణం మీద చూడటం ఎలా? కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో 1996లో చేరిన కరొలిన్ బెర్టోజీ పట్టుకున్న ప్రశ్న ఇది.

మూడు నైట్రోజన్ల గుర్తు

ఆమెకు ఒక ఆధారం దొరికింది. బెర్లిన్‌లో వెర్నర్ రాయిటర్ బృందం కణాలకు కాస్త మార్పు చేసిన చక్కెరను మేపితే, కణం తేడా పట్టించుకోకుండా దాన్నే వాడుకుని సయాలిక్ ఆమ్లం తయారుచేస్తుందని అంతకుముందే చూపించింది. అలాగైతే మార్పు చేసే చోట మనకు పనికొచ్చే గుర్తునే పెడితే? కణం తన చేతులతో తానే ఆ గుర్తును తెచ్చి పైపొర మీద పెడుతుంది. తర్వాత ఆ గుర్తుకు మాత్రమే అతుక్కునే రంగును బయటి నుంచి పంపితే సరిపోతుంది.

చెప్పినంత తేలిక కాదు. కణంలో వేలాది రసాయనాలున్నాయి. నీళ్లున్నాయి, గంధకపు ముక్కలున్నాయి, అమైన్లున్నాయి. మనం పెట్టిన గుర్తు వీటిలో దేనితోనూ చర్య జరపకూడదు. రంగుకు తగిలించిన జోడీ కూడా అంతే. ఆ రెండూ ఎదురుపడితే మాత్రం వేడి చేయనక్కరలేకుండా, శరీరపు వెచ్చదనంలోనే, నీళ్లలోనే గట్టిగా అతుక్కోవాలి. కణం లోపలి బతుకుతో ఏ జోక్యమూ లేని ఇలాంటి చర్యలకు బెర్టోజీ 2003లో బయోఆర్థోగోనల్ అని పేరు పెట్టింది. మనం అడ్డురాని చర్యలందాం.

1997లో ఆమె బృందం కీటోన్ గుర్తుతో మొదటి ప్రయత్నం చేసింది. పని జరిగింది గానీ కీటోన్లు శరీరంలోనూ ఉంటాయి. పైగా ఆ చర్యకు కాస్త పులుపు, అంటే ఆమ్లగుణం ఉండాలి. అందువల్ల అజైడ్ వైపు మళ్లారు. అజైడ్ అంటే వరుసగా మూడు నైట్రోజన్ పరమాణువులు, అంతే. జంతువుల కణాల్లో అది ఎక్కడా లేదు. నీళ్లలో నిలకడగా ఉంటుంది. చుట్టూ ఉన్నవాటి జోలికి పోదు. సోడియం అజైడ్ విషం కదా అని రసాయన శాస్త్రం చదివినవాళ్లకు సందేహం రావచ్చు. అది వేరు, పెద్ద అణువుకు అంటిపెట్టుకుని ఉన్న అజైడ్ వేరు. హెచ్ఐవీకి 1987లో అనుమతి పొందిన మొట్టమొదటి మందు జిడోవుడిన్‌లో కూడా ఈ మూడు నైట్రోజన్లున్నాయి. ఎంతోమంది ఏళ్ల తరబడి ఆ మాత్ర వేసుకుని బతికారు.

గుర్తు దొరికింది, జోడీ కావాలి. హెర్మన్ స్టాడింగర్ 1919లో ప్రచురించిన చర్య ఒకటుంది. అజైడ్‌కూ ఫాస్ఫీన్‌కూ పొత్తు కుదిర్చే చర్య. దాన్ని కొద్దిగా మార్చి, రెండు ముక్కలూ శాశ్వతంగా అతుక్కునేలా 2000 సంవత్సరంలో బెర్టోజీ, ఆమె విద్యార్థిని ఎలియానా సాక్సన్ చేసి చూపించారు. కాకపోతే అది నిదానంగా సాగుతుంది, ఫాస్ఫీన్ గాలి తగిలితే పాడవుతుంది. జంతువు ఒంట్లో వాడాలంటే ఇంకా వేగం కావాలి.

2002లో రెండు చోట్ల నుంచి ఒకేసారి కబురు వచ్చింది. అమెరికాలో బారీ షార్ప్‌లెస్ బృందం, డెన్మార్క్‌లో మోర్టెన్ మెల్డాల్ బృందం, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, అజైడ్‌కూ ఆల్కైన్‌కూ రాగి తోడైతే టక్కున అతుక్కుపోతాయని కనుక్కున్నాయి. ఆల్కైన్ అంటే రెండు కార్బన్ల మధ్య మూడు బంధాలున్న ముక్క. రాగి లేకపోతే ఈ చర్య వేడి పెడితే తప్ప నడవదు, గంటలు గంటలు పడుతుంది. టక్కున అతికే ఇలాంటి చర్యలకు షార్ప్‌లెస్ క్లిక్ కెమిస్ట్రీ అని పేరు పెట్టాడు. మందుల తయారీలో, ప్లాస్టిక్కుల్లో అది ఒక్కసారిగా పాకిపోయింది. బెర్టోజీకి మాత్రం ఆనందం సగమే. రాగి బతికున్న కణానికి విషం.

ఇక్కడ బెర్టోజీ బృందం చేసిన పని నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చింది. కొత్త రసాయనం కోసం వెతకడం మాని పాత పత్రికలు తిరగేశారు. 1961లో జర్మనీలో గియార్గ్ విట్టిగ్, క్రెబ్స్ రాసిన వ్యాసంలో ఒక మాట కనబడింది. ఆల్కైన్‌ను ఎనిమిది కార్బన్ల వలయంలో బంధించి అజైడ్‌తో కలిపితే పేలినంత పని అయిందని. ఎందుకని? ఆల్కైన్ నిటారుగా, 180 డిగ్రీల్లో ఉండాలనుకుంటుంది. చిన్న వలయంలో ఇరికిస్తే 160 డిగ్రీల దగ్గరికి వంగి, బలవంతపు బిగువుతో ఉంటుంది. అజైడ్ వచ్చి అతుక్కుంటే ఆ బిగువు సడలుతుంది. రాగి ఇచ్చే ఊతాన్ని ఇక్కడ ఆ బిగువే ఇస్తుంది. నలభై ఏళ్లు ఎవరికీ పట్టని ఆ మాటను పట్టుకుని 2004లో బెర్టోజీ బృందం రాగి లేని క్లిక్‌ను ప్రకటించింది. ఆ తర్వాత వలయానికి ఫ్లోరిన్ తగిలించి వేగం పెంచారు.

2008లో ఈ చర్యను జీబ్రా చేప పిండాల మీద వాడారు. ఆ పిండాలు గాజులా పారదర్శకం. గుర్తున్న చక్కెరను అవి పెరిగే నీళ్లలోనే కలిపారు. కొంతకాలం తర్వాత ఎర్ర రంగు జోడీ వేసి, అప్పటిదాకా వచ్చిన గొలుసులన్నిటికీ రంగు పట్టించారు. ఇంకాస్త సేపు పెరగనిచ్చి వేరే రంగు వేశారు. ఎర్రగా ఉన్నవి పాతవి, రెండో రంగులో ఉన్నవి ఆ మధ్యలో కొత్తగా వచ్చినవి. గుడ్డు ఫలదీకరణ చెందిన 60 గంటల నుంచి 72 గంటల లోపు దవడలో, ముందు రెక్కల్లో, వాసన పసిగట్టే చోట కొత్త చక్కెరలు గుప్పున పుట్టుకొచ్చాయి. పిండం ఈదుతూనే ఉంది. ఎక్కడ ఎప్పుడు కొత్త గొలుసులు తొడుక్కుందో అందరికీ రంగుల్లో కనబడింది.

షార్ప్‌లెస్, మెల్డాల్, బెర్టోజీ ముగ్గురికీ 2022లో రసాయన శాస్త్రపు నోబెల్ వచ్చింది. షార్ప్‌లెస్‌కు అది రెండోది, మొదటిది 2001లో వచ్చింది.

అదే ఉపాయం ప్రోటీన్లకూ పనికొస్తుంది. మెథియోనిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు అజైడ్ ఉన్న దాని పోలికను మేపితే కణం దాన్నే వాడి కొత్త ప్రోటీన్లు కడుతుంది. కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో డేవిడ్ టిరెల్, ఎరిన్ షూమన్ బృందాలు 2006లో ఇలా చేశాయి. గుర్తు ఉన్న ప్రోటీన్లు మేపిన తర్వాత పుట్టినవి, లేనివి అంతకుముందువి. జ్ఞాపకం నిలవాలంటే నరాల కణాల్లో కొత్త ప్రోటీన్లు పుట్టాలంటారు. ఆ కొత్తవేవో ఏరి చూడటానికి అంతకు ముందు ఇంత చక్కని దారి లేదు.

పక్కన ఎవరున్నారు

ఒక ప్రోటీన్ ఎక్కడుందో తెలిసింది. ఎవరితో తిరుగుతోందో తెలియాలి. జబ్బులను అర్థం చేసుకోవడానికి అసలు కావలసింది ఇదే. ప్రోటీన్లు ఒంటరిగా చేసే పని తక్కువ. కణాన్ని పగలగొట్టి ఒక ప్రోటీన్‌ను బయటికి లాగితే, గట్టిగా పట్టుకున్న తోడు కూడా వస్తుంది. అలా వచ్చి ఇలా పోయేవి, పొరలో ఇరుక్కున్నవి మధ్యలోనే జారిపోతాయి.

జాతర ఊహించుకోండి. వేలమంది జనం. అందులో ఒకాయన ఎవరెవరి పక్కన నిలబడుతున్నాడో మనకు తెలియాలి. ఆయన చేతికి వసంతం నింపిన బిందె ఒకటి ఇచ్చి, అందినవాళ్ల మీదల్లా చల్లుకుంటూ పొమ్మన్నామనుకుందాం. సాయంత్రం జనం ఇళ్లకు పోతుంటే, ఊరి పొలిమేరలో నిలబడి ఎవరి బట్టల మీద ఎర్రటి మరకలున్నాయో చూస్తే చాలు. దూరంగా ఉన్నవాళ్ల బట్టలు తెల్లగానే ఉంటాయి. ఎక్కువసేపు దగ్గరున్నవాళ్లు ఎక్కువ తడుస్తారు. మధ్యాహ్నం పలకరించి వెళ్లిపోయినవాడు సాయంత్రం ఆయన పక్కన లేకపోయినా మరక మిగిలే ఉంటుంది.

కణంలో ఆ బిందె ఒక ఎంజైము. మనకు కావలసిన ప్రోటీన్‌కు జన్యువు స్థాయిలోనే దాన్ని జతచేస్తారు. చల్లే రంగు బయోటిన్. ఇది బీ విటమిన్లలో ఒకటి. మామూలుగా కణంలో బయోటిన్ అంటుకున్న ప్రోటీన్లు కొద్దిగానే ఉంటాయి కాబట్టి కొత్తగా అంటినవి తేలిగ్గా తెలుస్తాయి. పొలిమేరలో నిలబడి పట్టేది స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్. కోడిగుడ్డు తెల్లసొనలోని అవిడిన్‌కు ఇది చుట్టం. రెండూ బయోటిన్‌ను పట్టుకున్నాయంటే వదలవు. పచ్చి తెల్లసొన అదేపనిగా తింటే బయోటిన్ లోపం రావడానికి కారణం ఆ పట్టే. కణాన్ని పగలగొట్టి, స్ట్రెప్టావిడిన్ పూసిన గింజలతో కలిపితే మరక పడ్డ ప్రోటీన్లు మాత్రం అంటుకుంటాయి. ఎంత గట్టిగా కడిగినా ఊడవు. తర్వాత వాటిని మాస్ స్పెక్ట్రోమీటరులో తూచి ఏవేవో పేర్లతో సహా చెప్తారు. ఈ ఇరుగుపొరుగు గుర్తింపుకు 2012లో బయోఐడీ అనే ఎంజైముతో దారి పడింది. దానికి దాదాపు రోజంతా పట్టేది. ఆలిస్ టింగ్ బృందం 2018లో తెచ్చిన టర్బోఐడీకి 10 నిమిషాలు చాలు. కణంలో పరిస్థితి గంటగంటకూ మారుతుంటుంది కాబట్టి ఆ తేడా చాలా విలువైనది.

ఇంకా దగ్గరగా, ఇంకా తక్కువ సమయంలో చూడాలనుకుంటే వెలుగు ఉంది. ప్రిన్స్‌టన్‌లో డేవిడ్ మెక్‌మిలన్ బృందం 2020లో ఇరిడియం అనే లోహాన్ని ప్రతిరక్షకానికి తగిలించి, దాని ద్వారా కణం పైపొర మీది ఒక ప్రోటీన్ పక్కకు చేర్చింది. నీలి కాంతి వేస్తే ఇరిడియం ఆ శక్తిని పక్కనున్న డయజిరిన్ అనే చిన్న అణువుకు అందిస్తుంది. డయజిరిన్ నైట్రోజన్‌ను వదిలేసి కార్బీన్‌గా మారుతుంది. కార్బీన్‌కు ఓపిక లేదు. నానోసెకన్లలో ఎదుట ఏది దొరికితే దానికి అతుక్కుంటుంది. ఏదీ దొరక్కపోతే నీళ్లతోనే కలిసిపోయి ఆరిపోతుంది. అందువల్ల గుర్తు కొద్ది నానోమీటర్లు దాటి పోదు. దీపం ఆర్పగానే గుర్తులు పడటమూ ఆగిపోతుంది. పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ చుట్టూ ఎవరున్నారో వాళ్లు ఇలాగే పట్టారు. కాన్సర్ కణాలు రోగ నిరోధక కణాలను నెమ్మదింపజేయడానికి వాడుకునే ప్రోటీన్ అది. ఇప్పుడు వాడుకలో ఉన్న ఇమ్యునోథెరపీ మందుల్లో కొన్ని దాని మీదే పనిచేస్తాయి.

రెండు కణాలు నిజంగా ఒకదాన్నొకటి తాకాయా అన్నది కూడా ఇలాగే తేల్చవచ్చు. న్యూయార్కులో గాబ్రియెల్ విక్టోరా బృందం 2018లో బతికున్న ఎలుకల్లో ఈ పని చేసింది. ఒక రకం రోగ నిరోధక కణం మీద బాక్టీరియా నుంచి తీసుకున్న సార్టేజ్ అనే ఎంజైమును, రెండో రకం కణం మీద దానికి తగిన చిన్న తోకను పెట్టారు. రెండూ తాకినప్పుడు గుర్తు ఒకదాని మీంచి ఇంకొకదాని మీదికి బదిలీ అవుతుంది. విడిపోయి ఎక్కడికో వెళ్లిపోయిన కణాన్ని తర్వాత పట్టుకుని చూసినా, అది ఫలానా కణాన్ని తాకివచ్చిందని ఆ గుర్తు చెప్తుంది.

మరక పడ్డ ప్రతివాడూ ఆయన స్నేహితుడే అనుకుంటే మాత్రం పొరపాటే. జాతరలో ఊరికే పక్కనుంచి పోతున్నవాడి మీదా వసంతం పడుతుంది. కాబట్టి ఎంజైమును ఏ పనీ లేని ప్రోటీన్‌కు తగిలించి ఒకసారి, అసలు ప్రోటీన్‌కు తగిలించి ఒకసారి చేసి, రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండింటిలోనూ ఉన్నవాళ్లు దారిన పోయేవాళ్లు. ఇలాంటి పోలిక లేని ప్రయోగాన్ని నమ్మవలసిన పని లేదు.

అజైడ్ చక్కెరల విషయంలోనూ ఒక లోపం బయటపడింది. చక్కెర పైపొర దాటి లోపలికి పోవాలని దానికి అసిటైల్ ముక్కలు తగిలిస్తారు. లోపలికి వెళ్లాక కణం ఎంజైములు వాటిని కోసేస్తాయి. అయితే అసిటైల్ ముక్కలున్న ఆ చక్కెరలు కొన్నిసార్లు ఎంజైముల దారిలో పోకుండా నేరుగా ప్రోటీన్లలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుంటున్నాయని చైనా పరిశోధకులు 2018లో చూపించారు. అంటే మెరిసిన ప్రతిదీ కణం అల్లిన గొలుసు అనుకోవడానికి వీల్లేదు. అప్పటి నుంచి తక్కువ మోతాదులు వాడుతున్నారు, అసిటైల్ అవసరం లేని చక్కెరలు చేస్తున్నారు. ఒక పనిముట్టు ఎక్కడ తప్పు చెప్తుందో వెతికి బయటపెట్టినవాళ్లకు, దాన్ని కనిపెట్టినవాళ్లకు ఇచ్చినంత గౌరవమూ ఇవ్వాలి.

అడగని ప్రశ్నకు వచ్చిన జవాబు

ఈ చర్యలు ప్రయోగశాల దాటి మనిషి ఒంట్లోకీ వస్తున్నాయి. టెట్రజీన్ అనే జోడీతో 2008లో మొదలైన చర్య, అజైడ్ క్లిక్‌ల కంటే ఎన్నో రెట్లు వేగం. కాన్సర్ గడ్డలో ముందుగా ఒక జోడీని ఉంచి, మత్తులో ఉన్నట్టు పనిచేయకుండా కట్టేసిన మందును రక్తంలోకి ఎక్కిస్తే, గడ్డ దగ్గరికి చేరాక కట్లు తెగి మందు మేల్కొంటుంది. మిగతా ఒంటికి బాధ తగ్గుతుందని ఆశ. మనుషుల మీద ఈ పరీక్షలు ఇప్పటికే మొదలయ్యాయి. కాన్సర్ కణాల ఒంటి మీది సయాలిక్ ఆమ్లాన్ని కత్తిరించే ఎంజైమును ప్రతిరక్షకానికి కట్టి పంపే మందులు కూడా ఆ దారిలోనే ఉన్నాయి.

మందుల సంగతి అలా ఉంచి, 2021లో వచ్చిన ఒక వార్త చెప్పాలి. బెర్టోజీ అప్పటికి స్టాన్‌ఫర్డ్‌లో ఉంది. ఆమె దగ్గర పనిచేస్తున్న రయన్ ఫ్లిన్ అజైడ్ చక్కెర మేపిన కణాల నుంచి ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, అందులో గుర్తు ఏమైనా ఉందా అని చూశాడు. ఉండకూడదు. చక్కెర గొలుసులు ప్రోటీన్లకూ కొవ్వులకూ అంటుకుంటాయని పుస్తకాలన్నీ చెప్తాయి. గొలుసులను అల్లే గదులు కణంలో వేరు, ఆర్‌ఎన్‌ఏ తిరిగే చోటు వేరు. అయినా గుర్తు కనబడింది.

ఇలాంటప్పుడు మొదట అనుమానించవలసింది కలుషితం. ఆర్‌ఎన్‌ఏతోపాటు ప్రోటీన్ ఏదో కలిసి వచ్చి ఉంటుంది. అందుకని ప్రోటీన్లను తునకలు చేసే ఎంజైమును వేశారు. గుర్తు పోలేదు. ఆర్‌ఎన్‌ఏను తునకలు చేసే ఎంజైమును వేశారు. గుర్తు మాయమైంది. చక్కెర గొలుసును మొదట్లోనే కోసే ఎంజైము వేస్తే చాలావరకు పోయింది. ఈ చక్కెర తొడుక్కున్న ఆర్‌ఎన్‌ఏలలో కొన్ని కణం పైపొర మీదే ఉన్నాయనీ, సిగ్లెక్ కుటుంబంలోని కొన్ని ప్రోటీన్లకు తగులుకుంటున్నాయనీ కూడా ఆ పరిశోధనలోనే తేలింది. చక్కెరకూ ఆర్‌ఎన్‌ఏకూ మధ్య ముడి ఎక్కడ పడుతుందో 2024లో వచ్చిన మరో పరిశోధన చూపించింది. ఆర్‌ఎన్‌ఏలో కొద్దిగా మార్పు చెందిన ఒకానొక అక్షరం దగ్గర ఆ ముడి ఉంది. అవి పైపొర మీదికి ఏ దారిలో వస్తున్నాయి, అక్కడ ఏం పని చేస్తున్నాయి అన్నదాని మీద ఇప్పుడు చాలా ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి.